ఎకరం అమ్మి కిడ్నీ కొంటే ఎవరికి నష్టం?

ప్రశ్న: మాది ఆచంట దగ్గర పల్లె. మా ఆయనకి 46 ఏళ్ళు. రెండేళ్ళ పైనుంచి డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు భీమవరం తీసుకెళ్తున్నాను. ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్. ఆయనది బి గ్రూపు, నాది ఎ. నా కిడ్నీ ఇస్తానంటే గ్రూపు కలవదన్నారు. మా ఆడపడుచుది కలిసింది. తను ఇస్తానంటోంది కానీ వాళ్ళాయన ససేమిరా అంటున్నాడు. మా అత్తగారు రోజూ కూతురికి ఫోన్ చేసి ఏడుస్తున్నారు. చనిపోయినవాళ్ళ అవయవాలు పంచే ప్రభుత్వ లిస్టు జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. మా తర్వాత రాయించుకున్న 68 ఏళ్ళ పెద్దాయనకి కిడ్నీ వచ్చేసింది. డబ్బున్నవాళ్ళకే ముందిస్తారని అందరూ అంటున్నారు. డయాలసిస్ సెంటర్ దగ్గర ఒకాయన పరిచయమై, 30 లక్షలిస్తే అంతా తనే చూసుకుంటానన్నాడు. ఇచ్చే ఆవిడకి అప్పులున్నాయట, ఆవిడకి 5 లక్షలు ముడతాయట. కాగితాల మీద మా ఆయనకి మేనత్త కూతురని రాయిస్తాడట. ఎకరం అమ్మితే ఆ డబ్బు వస్తుంది. ఆయన బతుకుతారు, ఆవిడ అప్పు తీరుతుంది. ఇందులో ఎవరికి నష్టమో నాకు అర్థం కావట్లేదు. ఇంకొకటి. మొన్న మా ఊరి కుర్రాడికి బండి యాక్సిడెంట్ అయి బ్రెయిన్ డెడ్ అన్నారు. అవయవాలివ్వడానికి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. అడుగుదామని వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. అడగాల్సిందంటారా? (పేరు, ఊరు వద్దన్నారు)

సమాధానం: అమ్మా, ముందు ఆ బ్రోకర్ సంగతి తేల్చుకుందాం. అతనికి రూపాయి కూడా ఇవ్వకండి. అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి, మీ ఆయన రిపోర్టులు, ఆధార్ కాపీ కూడా ఇవ్వకండి.

అతను మీకు చెప్పిన దాంట్లోనే అబద్ధం ఉంది. మేనత్త కూతురు చట్టం లెక్కలో దగ్గరి బంధువు కాదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు చేరారు. అంతకు మించి ఎవరిచ్చినా ఆథరైజేషన్ కమిటీ ముందు కూర్చోవాలి. ఎందుకిస్తున్నారు, ఎంతకాలంగా తెలుసు, డబ్బేమైనా మారిందా అని ఇద్దర్నీ అడుగుతారు, వీడియో తీస్తారు. అక్కడ మీరు ఆ ముక్కూ మొహం తెలియని మనిషిని "మా వదిన" అనాలి. ఆవిడ మీ పెళ్ళి ఫోటోలో తను ఎక్కడ నిలబడిందో చెప్పాలి. ఇదంతా బ్రోకర్ మీ ఇద్దరికీ ముందే బట్టీ పట్టిస్తాడు. దొరికితే శిక్ష 5 నుంచి 10 ఏళ్ళు, జరిమానా 20 లక్షల నుంచి కోటి దాకా. డబ్బు తీసుకున్నవాళ్ళకే కాదు, ఇచ్చినవాళ్ళకీ అదే సెక్షన్. అప్పుడు మీ పిల్లలకి ఒకవైపు జబ్బు తండ్రి, ఇంకోవైపు కోర్టు చుట్టూ తిరిగే తల్లి మిగులుతారు.

చట్టం భయంతో మానేయమంటే మీ ప్రశ్నకి జవాబు చెప్పినట్టు కాదు. మీరు నిజాయితీగా అడిగారు. ఇద్దరికీ లాభమే కదా, ఎవరికి నష్టం అని. ఈ మాట చదువుకోనివాళ్ళ అమాయకత్వమేం కాదు. ఆర్థికశాస్త్రంలో 1992లో నోబెల్ అందుకున్న గ్యారీ బెకర్ కూడా ఇంచుమించు ఇదే వాదించాడు. ధర పెట్టనివ్వకపోవడం వల్లే కిడ్నీలకి కొరత, ధర ఇస్తే ఇచ్చేవాళ్ళు పెరుగుతారు, క్యూలో చచ్చిపోయేవాళ్ళు తగ్గుతారు అని. ఇరాన్‌లో 1988 నుంచి డబ్బిచ్చి కిడ్నీ తీసుకోవడం చట్టబద్ధమే. కాబట్టి వాదనని తోసేయను. అమ్మిన మనిషి దగ్గరికెళ్ళి చూద్దాం.

ఆ పని మన పక్క రాష్ట్రంలోనే చేశారు. చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి రాసిన అధ్యయనం 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్మారు. కొన్నేళ్ళ తర్వాత చూస్తే నాలుగింట మూడొంతుల మంది ఇంకా అప్పులోనే ఉన్నారు. కుటుంబ ఆదాయం సగటున మూడో వంతు పడిపోయింది. నూటికి 86 మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. ఇంకొకరికి ఈ పని చేయమని చెబుతావా అంటే 79 మంది వద్దన్నారు. ఆవిడ అప్పు తీరుతుందని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగింది ఇందుకే. నాట్లకీ కోతలకీ వెళ్ళే మనిషి, రొయ్యల షెడ్డులో పొద్దంతా నిలబడి తలలు వలిచే మనిషి ఆపరేషన్ తర్వాత రెండు మూడు నెలలు కూలికి పోలేదు. బరువులెత్తే పని దొరికినా భయమే. వడ్డీ మాత్రం ఆగదు. మీ 30 లక్షల్లో ఆవిడకి 5 అన్నాడు. మిగతా 25 ఎవరెవరి జేబుల్లోకి పోతాయో లెక్కేయండి. ఆ 5 లక్షలూ ముందే చేతిలో పెడతారన్న హామీ ఎక్కడా లేదు. కిడ్నీ తీసుకున్నాక సగమే ఇచ్చి మొహం చాటేస్తే ఆవిడ ఏ స్టేషన్‌కి వెళ్ళి, ఏమని చెప్పుకుంటుంది? చెప్పుకుంటే తనే ముద్దాయి.

మీకూ నష్టమే. ఇలాంటి ఆపరేషన్లు హడావుడిగా, దొంగచాటుగా అవుతాయి. ఇచ్చే మనిషికి హెపటైటిస్ ఉందా, షుగరు మొదలవుతోందా అని చూడాల్సినంత చూడరు. డబ్బు అవసరమున్న మనిషి తన జబ్బు తను చెప్పుకోదు. పైగా కిడ్నీ పెట్టించుకోవడంతో ఖర్చు అయిపోదు. శరీరం దాన్ని తోసేయకుండా బతికున్నన్నాళ్ళూ మందులు వాడాలి. బతికున్నవాళ్ళ నుంచి తీసుకున్న కిడ్నీ కూడా మామూలుగా 15, 20 ఏళ్ళు పనిచేస్తుంది. అంటే మీ ఆయనకి అరవై దాటాక మళ్ళీ ఈ చర్చ రావచ్చు. ఎకరం మొదటి రోజే అమ్మేస్తే నెలనెలా మందుల చీటీ పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తారు? (మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. డయాలసిస్ రోగులకి ప్రభుత్వం ఇచ్చే నెలకి 10,000 పింఛను మీకు వస్తోందా? రాకపోతే సచివాలయంలో కనుక్కోండి.)

మూడో నష్టం కంటికి కనబడదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది అదే. ఎక్కడైనా కిడ్నీ రాకెట్ బయటపడిన వార్త రాగానే ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రుల మనసులో ఒక అనుమానం పడుతుంది. "మా వాణ్ణి నిజంగానే పోయాడంటున్నారా, లేక వాడి కిడ్నీ కోసం పోయాడంటున్నారా?" ఆ అనుమానం ఉన్నచోట ఎవరూ సంతకం పెట్టరు. మీ ఊరి కుర్రాడి తల్లిదండ్రులు ఏమనుకుని వద్దన్నారో వాళ్ళకే తెలుసు. కానీ అలాంటి గుమ్మాల దగ్గర వినబడే మాట ఇదే. అలా వద్దన్న ప్రతి ఇంటి దగ్గరా రెండు కిడ్నీలు, లివరు, గుండె, ఊపిరితిత్తులు మట్టిలో కలిసిపోతాయి. దేశం మొత్తం మీద 2023లో 18,000కి పైగా అవయవ మార్పిడులు జరిగాయి. చనిపోయాక ఇచ్చిన దాతలు మాత్రం 1,100 దరిదాపుల్లోనే. ఆ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్నవాళ్ళ ఒంట్లోంచి తీసినవే. డబ్బుతో నడిచే దారి, డబ్బు లేకుండా నడవాల్సిన దారిని ఇలా మూసేస్తుంది. మీ ఆయన నిలబడ్డది ఆ రెండో దారిలోనే.

ఇప్పుడు ఆ 68 ఏళ్ళ పెద్దాయన సంగతి. ఆయనది ఏ గ్రూపో కనుక్కున్నారా? లిస్టు అంటే ఊళ్ళో రేషన్ షాపు ముందు క్యూ లాగా ఒకే వరస అనుకుంటాం. కిడ్నీకి గ్రూపు గ్రూపుకీ వరస వేరు. అందులోనూ పేరు రాయించుకున్న తేదీ ఒక్కటే చూడరు. డయాలసిస్ మొదలై ఎన్నాళ్ళయింది, డయాలసిస్ సూది వేయడానికి చేతుల్లో ఫిస్టులాలు ఇంకా మిగిలాయా, చిన్నపిల్లలా, వేరేవాళ్ళ అవయవాన్ని తోసేసే యాంటీబాడీలు ఒంట్లో ఎన్ని, ఇలాంటివాటికి మార్కులుంటాయి. ఒకప్పుడు తన కిడ్నీ వేరేవాళ్ళకి ఇచ్చి ఇప్పుడు తనకే అవసరమైన మనిషికీ, చనిపోయిన దాత కుటుంబంలో వాళ్ళకీ ముందు చోటివ్వాలని జాతీయ స్థాయి మార్గదర్శకాల్లో ఉంది. అన్నీ కుదిరినా చివర్లో దాతకీ రోగికీ రక్తం సరిపడుతుందో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష కలవాలి. పెద్ద వయసు దాత కిడ్నీని పెద్ద వయసు రోగికే పెట్టే ఆలోచన కూడా డాక్టర్లు చేస్తారు. ఆ పెద్దాయన మీ చోటు లాక్కున్నాడని నేననుకోను.

అయినా మీ ఉత్తరంలో రాయని ఒక మాట వాక్యాల మధ్యలో వినబడింది. మాకు చదువుకునే పిల్లలున్నారు, ఆయనకి అన్ని బాధ్యతలూ తీరిపోయాయి, ఎవరికి ముందివ్వాలి అని. ఆ మాట అనుకున్నందుకు మిమ్మల్ని తప్పు పట్టను. అమెరికాలో సియాటిల్ అనే ఊళ్ళో 1960ల మొదట్లో సరిగ్గా ఆ లెక్కే వేశారు. డయాలసిస్ మిషన్లు కొత్తగా వచ్చాయి, గిరాకీ ఎక్కువ, మిషన్లు తక్కువ. ఎవర్ని బతికించాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. అందులో ఒక లాయరు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జను. వాళ్ళు దరఖాస్తులు ముందేసుకుని పెళ్ళయిందా, పిల్లలెంతమంది, ఉద్యోగమేంటి, చర్చికి వెళ్తాడా అని చూసి ఎంచారు. సంగతి 1962లో బయటికొచ్చాక దేశమంతా నివ్వెరపోయింది. తమ లాంటి మనుషుల్నే తాము ఎంచుకున్నారన్న విమర్శ వచ్చింది. మన ఊళ్ళో అలాంటి కమిటీ పెడితే అందులో ఎవరెవరు కూర్చుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ ఆయనకి మంచి పేరుందా, ఏ పార్టీ, ఏ కులం, తాగుతాడా అని అడిగి తీర్పు చెప్తారు. మార్కుల లిస్టుకి మనసు లేకపోవడం అక్కడ మనకి మేలు. ఆ సియాటిల్ కథకి ముగింపు కూడా చెప్పాలి. 1972లో అక్కడి ప్రభుత్వం దాదాపు అందరికీ డయాలసిస్ ఖర్చు భరిస్తూ చట్టం చేసింది. అంతటితో అలాంటి కమిటీల అవసరమే పోయింది.

డబ్బున్నవాళ్ళకే ముందు వస్తుందనే మాట పూర్తిగా అబద్ధమని మాత్రం చెప్పను. లిస్టులో డబ్బు కట్టి పైకి జరగడం కుదరదు. కానీ లిస్టులోకి ఎక్కడానికీ, ఎక్కాక నిలబడడానికీ డబ్బు కావాలి. దాళ్వాకి నీళ్ళు చాలని ఏడు కాలువ మీద వంతులు పెడతారు కదా. వంతు అందరికీ ఒకటే. అయినా ఎగువన తూము పక్కన పొలం ఉండి, సొంత ఇంజను ఉన్నవాడికీ, శివారున ఎకరం చేసుకునేవాడికీ ఆ వంతు ఒకేలా అందదు. ఇక్కడా అంతే. మార్పిడి చేసే ఆసుపత్రులు ఎక్కువగా పెద్ద ఊళ్ళలో, ప్రైవేటులో ఉన్నాయి. దాత ఉన్న ఆసుపత్రికే మార్పిడి అనుమతి ఉంటే ఒక కిడ్నీ ఆ ఆసుపత్రి లిస్టుకే వెళ్ళే పద్ధతి ఉంది. ఫోన్ వచ్చిన కొద్ది గంటల్లో చేరుకోగలిగినవాడికీ, ఆపరేషన్ డబ్బు సిద్ధంగా ఉన్నవాడికీ పని సులువు. అమెరికాలో యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ కాలిఫోర్నియాలో ఉంటూ 2009లో టెనెసీ రాష్ట్రంలో లివర్ మార్పిడి చేయించుకున్నాడు. అక్కడ క్యూ చిన్నది. ఒక్క నియమం కూడా తప్పలేదు. కబురు రాగానే సొంత విమానంలో వెళ్ళగలిగినవాడికే అలాంటివి కుదురుతాయి. మన దగ్గర 2023లో కేంద్రం ఆ రాష్ట్రం వాళ్ళే అక్కడ పేరు రాయించుకోవాలన్న షరతు తీసేయమని రాష్ట్రాలకి చెప్పింది. వినడానికి న్యాయంగానే ఉంది. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఇల్లు అద్దెకి తీసుకుని ఎదురుచూడగలిగినవాళ్ళకి అది ఎక్కువ ఉపయోగం అని నాకనిపిస్తుంది. ఈ అన్యాయాల మీద అరవాలి, ప్రభుత్వాసుపత్రుల్లో మార్పిడులు పెంచమని అడగాలి. అప్పులో ఉన్న ఇంకో ఆడమనిషి ఒంట్లోంచి కిడ్నీ తెచ్చుకుంటే వీటిలో ఒక్కటీ తీరదు.

మీ ఆడపడుచు విషయం. మీ అత్తగారి ఫోన్లు ఆపించండి. కన్నతల్లి ఏడుపు కూడా ఒత్తిడే. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, తీసుకునేవాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ. 1995 నుంచి 2021 దాకా జరిగిన సుమారు 36,600 మార్పిడుల్లో స్త్రీలకి అందినవి 7,000 కూడా లేవు. ఇళ్ళల్లో ఎవరు ఎవరి కోసం మంచమెక్కుతున్నారో దీన్నిబట్టే తెలుస్తోంది. అందుకే 2025 ఆగస్టులో జాతీయ అవయవ మార్పిడి సంస్థ లిస్టులో ఉన్న స్త్రీలకి ప్రాధాన్యం ఇవ్వమని రాష్ట్రాలకి సూచించింది. మీ ఆడపడుచు ఇస్తానన్న మాట ఆవిడ మనసులోదా, పుట్టింటి మొహమాటమా అన్నది డాక్టరు ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితేనే తేలుతుంది. ఇష్టం లేదని ఆవిడ చెబితే, మంచి డాక్టర్లు "ఈవిడ వైద్యపరంగా పనికిరాదు" అని ఇంట్లోవాళ్ళకి చెప్పేసి ఆవిడ గౌరవం కాపాడతారు. అలా చెబితే తవ్వకండి. ఇష్టంగానే ఇస్తానంటే మాత్రం వాళ్ళాయన్ని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. తన భార్యకి ఏమవుతుందోనని ఆయనకీ భయం ఉంటుంది. దాన్ని శత్రుత్వం కింద లెక్కేయకండి.

ఇక ఆ కుర్రాడి గుమ్మం. మీరు తిరిగొచ్చేయడమే సరైన పని. వాళ్ళు ఒప్పుకున్నా ఆ కిడ్నీ మీ ఆయనకి వచ్చేది కాదు. చనిపోయినవాళ్ళ అవయవాలు లిస్టు ప్రకారమే వెళ్తాయి, ఫలానా వాళ్ళకివ్వండి అనడానికి లేదు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు కాబట్టి మీరు కావలసినవాడి కోసం అడుగుతున్నారనుకునేవాళ్ళు. వెంటిలేటర్ మీద ఛాతీ ఎగసిపడుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, మానిటర్ మీద గుండె కొట్టుకుంటోంది, అయినా పోయాడంటున్నారు. ఆ స్థితిలో ఉన్న తల్లితో మాట్లాడే హక్కు అవసరమున్న మనిషికి ఉండకూడదు. నిజంగా పోయాడో లేదో తేల్చడానికి నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలని చట్టం పెట్టింది. వెంటిలేటర్ కాసేపు తీసి సొంతంగా ఊపిరి వస్తుందేమో చూస్తారు. మార్పిడి చేసే డాక్టర్లు ఆ నలుగురిలో ఉండకూడదు. కుటుంబాన్ని అడగాల్సిన బాధ్యత కూడా 2011 సవరణ ఆసుపత్రి మీదే పెట్టింది. అవయవదానంలో స్పెయిన్ ప్రపంచంలో అందరికన్నా ముందుందంటే ఆ అడిగే పనికి ప్రతి ఆసుపత్రిలో తర్ఫీదు పొందిన డాక్టర్లని పెట్టడం వల్లే. మన దగ్గర చాలా ఐసీయూల్లో ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు, లేదా బిల్లు గురించి మాట్లాడిన గొంతుతోనే ఇదీ అడుగుతారు. దానానికి ఒప్పుకున్నాక అవయవాల కోసం అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదని నిబంధనల్లో ఉంది. ఇది మీ ఊళ్ళో నలుగురికీ చెప్పండి. కర్మకాండలన్నీ అయ్యాక ఆ ఇంటికి వెళ్ళండి, పరామర్శకి మాత్రమే.

మీకున్న అసలు దారి మీరు రాసిన గ్రూపుల్లోనే ఉంది. ఆయన బి, మీరు ఎ. ఎక్కడో ఇంకో ఇంట్లో రోగి ఎ, ఇస్తానన్న భార్యో అమ్మో బి ఉంటారు. మీ కిడ్నీ ఆ ఇంటి రోగికి, వాళ్ళది మీ ఆయనకి. దీన్ని స్వాప్ అంటారు. 2011 సవరణ దీన్ని ఒప్పుకుంది. ఒక్కో జంటలో రోగీ, ఇస్తానన్న మనిషీ దగ్గరి బంధువులై ఉండాలి, కమిటీ అనుమతి కావాలి, డబ్బు మారకూడదు. ఒకరిది తీశాక రెండోవాళ్ళు వెనక్కి తగ్గకుండా ఆపరేషన్లన్నీ ఒకే రోజు పెడతారు. ఇలాంటి జతలు కలిపే పద్ధతులు రూపొందించిన ఆల్విన్ రాత్‌కి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కొరత ఉన్నచోట ధర పెట్టకుండానే పంపకం మెరుగుపరచొచ్చని చేసి చూపించాడాయన. బెకర్‌కి నేనిచ్చే జవాబు కూడా అదే. గ్రూపు కలవకపోయినా మీ కిడ్నీనే పెట్టే పద్ధతి ఇంకొకటుంది కానీ ఖర్చూ, ఇన్‌ఫెక్షన్ భయమూ ఎక్కువ. ముందు స్వాప్ అడగండి.

మీరు పేరు రాయించిన ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఉంటారు. ఈ వారమే ఫోన్ చేసి ఇద్దరి పేర్లూ స్వాప్ రిజిస్టర్‌లో రాయమనండి, జీవన్‌దాన్‌లో పేరు తీయొద్దనండి. మీ ఫోన్ నంబరు, పక్కింటివాళ్ళ నంబరు రెండూ ఇవ్వండి. మీ ఆయన లిస్టులో యాక్టివ్‌గా ఉన్నారో లేదో అడగండి. మధ్యలో జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరినప్పుడు పక్కన పెట్టి, మళ్ళీ చేర్చడం మర్చిపోయే సందర్భాలుంటాయి. రక్తం తగ్గిందని ఎవరైనా రక్తం ఎక్కిస్తామంటే కిడ్నీ డాక్టర్ని అడక్కుండా ఒప్పుకోవద్దు. దానివల్ల యాంటీబాడీలు పెరిగి రేపు మ్యాచ్ దొరకడం కష్టమవుతుంది. మీకు బీపీ, షుగరు లేవని ఇప్పుడే పరీక్ష చేయించుకోండి.

స్వాప్ కుదిరితే భార్యాభర్తలిద్దరూ ఒకే రోజు ఆపరేషన్ బల్ల మీద ఉంటారు. ఆ తర్వాత రెండు నెలలు ఆయనకి దగ్గరుండి మందులేసేవాళ్ళు కావాలి, మీకు బిందె ఎత్తకుండా చూసేవాళ్ళు కావాలి, పెద్దదాని ఇంటర్ పరీక్షలకి వండిపెట్టేవాళ్ళు కావాలి. మీ అత్తగారు కూతురికి ఫోన్ చేసే బదులు ఆ రెండు నెలలూ మీ ఇంట్లో ఉంటానంటే సగం టెన్షన్ తీరుతుంది. ఆ మాట మీరు అడగొద్దు, మీ ఆయన చేత అడిగించండి.